తాళానికి తీసిన దిష్టి

మా కోడలు హైమ వీధి తలుపుకి తాళం వేసి ఒక్కసారి లాగి చూసింది. తరవాత రెండు చేతులతోనూ ఆ తాళంకప్పని నిమిరి, వేళ్లు మడిచి తన కణతలకి ఆనించుకుని మెటికలు విరిచింది. పటపటమని విరిగాయి. "పదండత్తయ్యా" అని నా చేతిలో సంచీ కూడా తనే అందుకుని మెట్లు దిగిపోయింది.

నేనూ మా అబ్బాయి శశీ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పసిపిల్లల బుగ్గలు నిమిరి మెటికలు విరవడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే. ముస్తాబు చేసిన పెళ్లికూతురికీ విరుస్తారు. తాళంకప్పకి దిష్టి తియ్యడం మాత్రం నా జన్మలో చూడలేదు. ఇద్దరం పగలబడి నవ్వాం. నవ్వక ఏం చేస్తాం? ఏళ్ల తరబడి ఆ తాళం మమ్మల్ని ఏడిపించుకు తిన్నది. అలాంటిది ఆ సాయంత్రం ఒక్క లాగుడుతో సరిపెట్టుకుంది. మనవరాలు ఆమని అప్పటికే గేటు దగ్గర గెంతుతోంది. నలుగురం కలిసి బీచికి వెళ్లాం.

హైమ జబ్బుని మా పెదవాల్తేరులో ఎవరూ జబ్బు అనలేదు. "మీ కోడలిది ఎంత శుభ్రమండీ, ఎంత మడండీ" అని మెచ్చుకున్నారు. వాళ్లకేం, మెచ్చుకుని వాళ్లింటికి వాళ్లు పోయేవారు. ఆ పిల్ల వేళ్ల సందుల్లో చర్మం పగిలి నెత్తురు చిమ్మడం వాళ్లు చూడలేదు. పంపు కట్టేసి, మళ్లీ తిప్పి, మళ్లీ కడిగి, వంట పొద్దు దాటిపోయేది. మా తమ్ముడి కూతురు పెళ్లికి బయల్దేరి, స్టేషన్ దాకా వెళ్లి, గ్యాస్ కట్టేశానో లేదో అని వెనక్కి వస్తే రైలు మా దారి చూడకుండా పోయింది. పోనీ ఆమెకి తెలియదా అంటే అదీ కాదు. "కట్టేశానని నా కళ్లతో చూశానత్తయ్యా. కానీ కట్టేసినట్టు అనిపించట్లేదు" అని తల బాదుకునేది. నేను కసిరినా, బతిమాలినా, తోడు నిలబడి చూసినా ఆ అనిపించడం మాత్రం వచ్చేది కాదు.

రిటైరయ్యేదాకా మహిళా కాలేజీలో జువాలజీ చెప్పినదాన్ని. కాబట్టి హైమకి వైద్యం చేసే డాక్టర్ నస్రీన్ బొమ్మ గీసి చెబుతుంటే నాకు తొందరగానే ఎక్కింది. నుదుటి వెనకనున్న మెదడు "ఏదో తేడాగా ఉంది, వెళ్లి చూడు" అంటుంది. మనం వెళ్లి చూస్తాం. అప్పుడు మెదడు లోతుల్లో ఉన్న ఇంకో భాగం ఆ కబురందుకుని "సరే, చూశాం, ఇక చాలు" అని గోల ఆపుతుంది. హైమలాంటి వాళ్లలో అది ఆపాల్సిన చోట ఆపదు. అదే గోల లోపల గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. నాకు మా కాలేజీలో గంట కొట్టే అప్పలస్వామి గుర్తొచ్చాడు. అతను సెలవు పెట్టిన రోజు పాఠం అయిపోయేది గాని పీరియడ్ అయ్యేది కాదు. నేను చెప్పిందే చెప్పాలి, పిల్లలు విన్నదే వినాలి.

"అదేనండీ టీచరుగారూ, హైమగారికి గంట మోగట్లేదు" అని నవ్వింది నస్రీన్. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు గంట.

మాత్రలు వాడాం. కొంత తగ్గింది. నస్రీన్ చేయించే సాధన ఇంకో పక్క. చెత్తబుట్ట ముట్టుకుని చేతులు కడుక్కోకుండా కూర్చోవాలి, ఎంత బాధైనా ఓర్చుకోవాలి. అదీ పనిచేస్తోంది గాని నత్తనడక. మా శశికి ఓపిక తక్కువ, వాళ్ల నాన్న పోలిక. పైగా వాడు పనిచేసేది నస్రీన్ ఉన్న మెదడు పరిశోధన కేంద్రంలోనే, సాగరతీరానికి పైన కొండవాలులో. ఇంట్లో పెళ్లాం చేతులు నెత్తురోడుతుంటే పరికరాలు చేసేవాడు ఊరికే కూర్చుంటాడా? కూర్చోలేదు. గంట తయారుచేశాడు.

చూడ్డానికి అది ఆడపిల్లలు తలకి పెట్టుకునే బ్యాండులా ఉంటుంది. చెవికి వినపడని శబ్దాన్ని మెదడు లోపలికి, సరిగ్గా ఆ బద్ధకపు చోటికి పంపుతుంది. గోల మొదలవ్వగానే దానంతటదే కనిపెట్టి "చాలు" అని చెబుతుంది. కానీ ఎవరి "చాలు" వాళ్లదే. నాది తీసుకెళ్లి హైమకి పెడితే పనికిరాదు. ఆమె తనంతట తాను తృప్తిగా ఒక పని ముగించిన క్షణాన్ని యంత్రంలో పట్టాలి. ఆ తరవాత పంపు దగ్గరా తాళం దగ్గరా దాన్నే వినిపించాలి.

పట్టుకుందామంటే ఆ క్షణం దొరికితేనా! హైమ తల నిండా తీగలు తగిలించి ప్రయోగశాలలో ముగ్గు వేయించారు, చీరలు మడత పెట్టించారు, బియ్యం ఏరించారు. ప్రతిదీ చెరిపి మళ్లీ చేసింది. తెర మీద గీత అలా ఎగుడుదిగుడుగా పోతూనే ఉంది. చివరికి మొహం చేతుల్లో దాచుకుని, "నాకసలు అది ఉందో లేదో చూడండి ముందు" అంది.

"ఆమని జడ" అన్నాడు శశి ఉన్నట్టుండి.

నిజమే. ఇంట్లో అన్నీ రెండోసారి చేసే మనిషి పిల్ల జడ మాత్రం ఒక్కసారే వేసేది. పీట మీద కూర్చోబెట్టి నూనె రాసి, చిక్కు తీసి, మూడు పాయలూ అల్లి, రిబ్బను ముడేసి, గడ్డం పట్టుకుని పిల్ల మొహం తనవైపు తిప్పుకునేది. బుగ్గలు నిమిరి మెటికలు విరిచేది. అంతే, అయిపోయేది. జబ్బు ఇల్లంతా తిరిగి ఆ ఒక్క పీట దగ్గరికి మాత్రం రాలేదు.

మర్నాడు ఆమనిని బడి మాన్పించి తీసుకెళ్లాం. ప్రయోగశాల అంతా కొబ్బరినూనె వాసన. పిల్ల స్టూలు మీద ఠీవిగా కూర్చుంది, తనవల్ల పెద్ద పని జరుగుతోందని దానికి తెలుసు. హైమ జడ అల్లుతుంటే తెర మీద గీత సద్దుమణుగుతూ వచ్చింది. రిబ్బను ముడి పడింది. మెటికలు విరిగాయి. ఆ క్షణాన గీత ఒక్కసారి నిండుగా పైకి లేచి, మెల్లగా దిగి, పడుకుంది. శశి చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను. నస్రీన్ ఒక్కతే తెరకేసి చూస్తూ ఉండిపోయింది.

"ఇది మరీ పెద్దది శశీ. తాళానికి ఇంత అక్కర్లేదు. ఇంకేదైనా చిన్నది వెతుకుదాం" అంది.

"పెద్దదైతేనే కదా మేడమ్, జబ్బు మీద నెగ్గేది" అన్నాడు మావాడు.

ఆవిడ ఇంకోమాట అనబోయి హైమ చేతులకేసి చూసి ఊరుకుంది.

ఆ తరవాత రోజులు పండగే. చేతులు మానాయి. సబ్బునీళ్లలో నానిపోతాయని ఎప్పుడో తీసేసిన గాజులు మళ్లీ వేసుకుంది. ఆ రోజు బీచిలో బండివాడి దగ్గర మరమరాలు కలిపిన మురీ మిక్చర్ కొనుక్కుని, చెయ్యి కడుక్కోకుండా, పొట్లంలోంచి తీసుకుని తింది. శశి అటు తిరిగి సముద్రం చూస్తున్నట్టు నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. ఇంటికొచ్చాక గ్యాస్ కట్టేసి దానికీ మెటికలు విరిచింది. పంపుకీ విరిచింది. లోపల గంట మోగితే చేతులు వాటంతటవే పాత అలవాటుగా లేస్తున్నాయని, దానివల్ల నష్టమేమీ లేదని శశి చెప్పాడు. నాకూ అలాగే తోచింది.

ఒక పొద్దున్న పీట మీద ఆమని కూర్చుని ఉంది. జడ వేయడం అయింది, రిబ్బను కట్టడమూ అయింది. హైమ దువ్వెన పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. పిల్ల లేవలేదు. గడ్డం కొంచెం పైకెత్తుకుని అలాగే ఉంది.

"లేవవేమే? బస్సొచ్చేస్తుంది" అన్నాను.

"అమ్మ ఇంకా..." అని ఆగి, లేచిపోయింది.

తరవాత నేను కావాలని గమనించాను. జడ చక్కగా వేస్తుంది. వంక పెట్టడానికి లేదు. కానీ పిల్ల మొహం తిప్పుకుని చూడటం లేదు. బుగ్గలు ముట్టుకోవడం లేదు. అటు వెళ్లి పంపు కట్టేసి మాత్రం మెటికలు విరుస్తోంది! ఒకరోజు ఆమని రిబ్బను తనే లాగేసుకుని, ఊడిపోయిందని అబద్ధమాడి మళ్లీ కూర్చుంది. హైమ నవ్వుతూ మళ్లీ కట్టింది, నవ్వుతూ వెళ్లిపోయింది. విసుక్కున్నా బాగుండేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండింది.

శశితో చెప్పాను. వాడు కంచం ముందు కూర్చుని ఉన్నాడు. "అమ్మా, ఇన్నేళ్ల తరవాత నా పెళ్లాం నవ్వుతోంది. మెటికలు విరవలేదని ఫిర్యాదా?" అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు. మజ్జిగ పోసి ఊరుకున్నాను.

ఊరుకోగలిగింది ఆ వానరోజు వరకే. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చి లేచేసరికి బయట కుండపోతగా కురుస్తోంది. బడి బస్సు వచ్చే వేళ దాటిపోయింది. హైమ ముందుగదిలో ఆమని యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. జబ్బుగా ఉన్న రోజుల్లో కూడా బస్సు రావడానికి చాలా ముందే వెళ్లి సందు చివర నిలబడేది ఆ మనిషి.

"పిల్లేదే?" అన్నాను.

"బస్సులోనే ఉందటత్తయ్యా. డ్రైవరు ఫోన్ చేశాడు. మన స్టాపులో దిగనని మొండికేసిందట. షెడ్డుకి తీసుకెళ్తున్నానన్నాడు."

"నువ్వు వెళ్లలేదూ?"

ఇస్త్రీపెట్టె నిలబెట్టి నాకేసి చూసింది. మొహం తేటగా ఉంది. "వెళ్దామనే లేచాను. గుండె దడదడలాడింది కూడా. మళ్లీ ఫరవాలేదనిపించింది" అంది. చొక్కా చేతులు సరిచేసి, మళ్లీ పెట్టె అందుకుంది.

నా ఒంట్లో ఓపిక ఎక్కడిదో నాకే తెలియదు. తడుస్తూ పరిగెత్తి ఆటో పట్టుకున్నాను. దారి పొడుగునా తిట్టాను. హైమని కాదు, నా కొడుకుని, వాడి తెలివిని. షెడ్డులో డ్రైవరు టీ గ్లాసు పట్టుకుని బస్సు మెట్ల దగ్గరే కాపలా కూర్చున్నాడు, పాపం. ఆమని చివరి సీట్లో సంచీ ఒళ్లో పెట్టుకుని ఉంది. ఏడవడం లేదు. నన్ను చూసి నా వెనక చూసింది. వెనక ఎవరూ లేరు.

"ఎందుకు దిగలేదే తల్లీ?"

"అమ్మ వస్తుందేమో అని చూశాను, నాన్నమ్మా" అంది.

ఆ ముక్క శశికి చెప్పగానే వాడు నస్రీన్‌కి ఫోన్ చేశాడు. మర్నాడు అందరం ప్రయోగశాలకి వెళ్లాం. నస్రీన్ గంట ఆపి, తీగలు తగిలించి, హైమ చేత ఆమని జడ వేయించింది. తరవాత ఒక తాళం చేతికిచ్చి వేయమంది. రెండు గీతలూ పక్కపక్కన తెర మీద పెట్టింది. రెండూ ఒకటే. మొదటిసారి జడ దగ్గర నిండుగా లేచిన ఆ ఎత్తు ఇప్పుడు ఎక్కడా లేదు. పిల్లకీ తాళానికీ కలిపి ఒక చిన్న మిట్ట మిగిలింది.

"రోజంతా అదే మోగించాం కదా. తరిగిపోయింది" అంది నస్రీన్.

శశి గంట బలం తగ్గిస్తానన్నాడు, వేరే క్షణం పట్టుకుంటానన్నాడు. అన్నిటికీ వాడి దగ్గర లెక్కలున్నాయి. పోయింది మళ్లీ వస్తుందా అని నేనడిగాను. ఇంతవరకూ ఎవరికీ చెయ్యలేదు కాబట్టి తనకి తెలియదని నస్రీన్ ఉన్నమాట చెప్పింది. హైమ బ్యాండు మళ్లీ పెట్టుకుని మా మాటలన్నీ శ్రద్ధగా వింది. "నాకేమీ ఇబ్బంది లేదండీ. బాగానే ఉన్నాను" అంది.

నస్రీన్ లేచి వచ్చి ఆమె తలమీంచి బ్యాండు తీసింది. "ఈ ప్రశ్న మిమ్మల్ని అడగాలంటే ఇది ఉండకూడదు" అంది.

కూర్చున్నాం. టీలొచ్చాయి, చల్లారిపోయాయి. ఆమని కిటికీలోంచి ఓడలు చూస్తోంది. చాలాసేపటికి హైమ తన చేతులు తిప్పి చూసుకుంది. లేచి కుళాయి దగ్గరికి వెళ్లింది. వచ్చి కూర్చుంది. మళ్లీ వెళ్లింది. శశి కుర్చీ అంచు పట్టుకుని ఉండిపోయాడు. ఇంకోసారి వచ్చాక మాత్రం కూర్చోలేదు. తడిచేతులతో ఆమని వెనక నిలబడింది.

"వానలో నా పిల్ల బస్సులో కూర్చుంటే నేను ఇస్త్రీ చేసుకున్నానా?" అంది.

అప్పుడు ఏడ్చింది. పిల్ల భుజం మీద తల పెట్టి, ఆ నీళ్ల చేతులతోనే పిల్లని చుట్టేసి ఏడ్చింది. ఆమని బిత్తరపోయి నాకేసి చూసింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

శశి వచ్చి ఆమె పక్కన నేలమీద కూర్చున్నాడు. "ఆ చేతులు మళ్లీ చూడలేను హైమా. కొన్నాళ్లు ఆగు, చిన్న గంట చేస్తాను" అని బతిమాలాడు. వాడు అలా బతిమాలడం నేనెప్పుడూ వినలేదు.

"చెయ్యండి. అప్పుడు చూద్దాం" అంది హైమ. "ఇది మాత్రం నాకొద్దు. నా పిల్ల కనపడకపోతే నాకు భయం వెయ్యాలండీ."

బ్యాండు నస్రీన్ బీరువాలో పెట్టేసింది. జబ్బు వడ్డీతో సహా వచ్చింది. గాజులు మళ్లీ డబ్బాలోకి వెళ్లాయి. బీచి లేదు, మిక్చర్ లేదు. అది తెలిసిన కష్టమే. తెలియని కష్టం ఇంకోటి వచ్చింది. ఇన్నేళ్లూ జబ్బు రాని ఆ పీట దగ్గరికి ఇప్పుడు వచ్చి కూర్చుంది. జడ వేస్తుంది, విప్పుతుంది, పాపిడి వంకరంటుంది, మళ్లీ వేస్తుంది. పిల్ల మాడు ఎర్రబడేది. బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయేది, శశి స్కూటర్ మీద దింపేవాడు. "సరిగ్గా ఉందా? చాలా?" అని హైమ అందరినీ అడిగేది. సమాధానం చెప్పొద్దని నస్రీన్ గట్టిగా చెప్పింది. "మీరు చాలంటే ఆ పూటకి శాంతిస్తారు, రేపు రెట్టింపు అడుగుతారు. చాలకపోయినా వదిలెయ్యడం ఆవిడే నేర్చుకోవాలి" అంది. శశి ఉండబట్టలేక ఒకటి రెండుసార్లు చెప్పేశాడు. నేను వాడి చెయ్యి గిల్లాను.

ఇది నెలల తరబడి సాగింది. మాత్రలు మళ్లీ మొదలుపెట్టాం, సాధనా మొదలుపెట్టాం. శశి చిన్న గంట ఇంకా కాగితాల మీదే ఉంది. వాడు ఇప్పుడు నస్రీన్ మాట అయ్యేదాకా ఆగి మాట్లాడుతున్నాడు.

నిన్న పొద్దున్న జరిగింది చెబుతాను. హైమ జడ వేసింది. ఎడమ పక్క ఒక పాయ వదులుగా వచ్చి, చెవి మీద జుట్టు లేచి నిలబడింది. నాకే విప్పి వెయ్యాలనిపించింది. "ఉందా సరిగ్గా?" అంది హైమ. నేను కిటికీవైపు తిరిగాను. శశి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వీధి చివర హారన్ వినపడింది.

ఆమని లేచి సంచీ తగిలించుకుంది. తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగి, "చెప్పనమ్మా" అంది. "నాకు తెలుసు గాని చెప్పను."

హైమ చేతులు లేచాయి, ఆ రిబ్బను కోసమే లేచాయి. పిల్ల మెట్లు దిగుతోంది. ఆ చేతుల్ని చంకల్లో బిగించుకుని గోడకి ఆనుకుంది. కళ్లు మూసుకుంది. బస్సు వెళ్లిన చప్పుడు దూరమయ్యేదాకా అలాగే నిలబడింది, పిలవలేదు. తరవాత కుళాయి దగ్గరికి వెళ్లింది లెండి. చాలాసేపు కడుక్కుంది. నేను అబద్ధం చెప్పను.

సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే చెప్పులు వేసుకుంది. తాళం దగ్గర చాలాసేపు పెనుగులాడింది. అయినా బస్సు వేళకి ముందే సందు చివర ఉంది, పక్కన నేనున్నాను. పగిలిన వేళ్లు నలుపుకుంటూ రోడ్డుకేసి చూస్తోంది. "ఆలస్యమైందంటారా అత్తయ్యా? వాన పడేలా ఉంది కదా? ఎక్కిందంటారా అసలు?" అంటోంది. నేను పలకలేదు. మొహం పాలిపోయి, పెదవులు ఎండిపోయి, హైమ నిజంగా భయపడుతోంది.

బస్సు వచ్చింది. కిటికీలో ఆమని కనపడింది, వదులు జడ పూర్తిగా ఊడిపోయి భుజం మీద వేలాడుతోంది. అది నన్ను చూడలేదు. వాళ్లమ్మ మొహంలో ఉన్న ఆ భయాన్నంతా కళ్లారా చూసుకుని, నవ్వుకుంటూ దిగింది.